స్క్రోల్ సాతో మందపాటి చెక్కను నిటారుగా కోయడం ఎలా?

"పైన సరిగ్గా గీత మీదే కోశాను. తిప్పి చూస్తే కింద కోత గీత దాటి లోపలికి వచ్చేసింది. ఎందుకిలా?" స్క్రోల్ సా (సన్నటి నిలువు బ్లేడ్ పైకీ కిందికీ ఆడుతూ చెక్కను వంపులుగా కోసే మెషీన్) వాడేవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్న ఇది. పల్చటి ప్లైవుడ్ మీద చక్కగా నడిచిన మెషీనే 40, 50 మి.మీ. చెక్క పెట్టగానే మొరాయిస్తుంది. మెషీన్‌లో కొత్తగా వచ్చిన లోపమేమీ ఉండదు. ముందు నుంచీ ఉన్న చిన్న తేడా మందం పెరిగేసరికి పెద్దదై బయటపడుతుంది.

లెక్క చూడండి. టేబుల్ ఒక్క డిగ్రీ వాలి ఉందనుకుందాం. 6 మి.మీ. ప్లైవుడ్‌లో పై అంచుకీ కింది అంచుకీ వచ్చే తేడా 0.1 మి.మీ., కంటికి ఆనదు. అదే డిగ్రీ 50 మి.మీ. చెక్కలో దాదాపు 0.9 మి.మీ. తేడా తెస్తుంది. రెండు ముక్కల్ని ఒకదానిలో ఒకటి కూర్చాల్సి వస్తే ఆ పని అక్కడితో చెడినట్టే.

రెండో కారణం బ్లేడ్ వంగడం. మిల్లీమీటరుంపావు వెడల్పున్న సన్నటి ఉక్కు పట్టీ అది. దాన్ని రెండు కొనల దగ్గర మాత్రమే పట్టి ఉంచుతారు. నడుమ చేత్తో నెడితే వంగక ఏం చేస్తుంది? టేబుల్ సరిచేయడం ఓ పావుగంట పని. బ్లేడ్ వంగకుండా కోయడమే అసలు నేర్చుకోవాల్సింది. కింద దానికే ఎక్కువ చోటిచ్చాను.

ఏమేం కావాలి

- స్క్రోల్ సా. చాలా మెషీన్లలో గరిష్ఠంగా 50 మి.మీ., అంటే 2 అంగుళాల మందం దాకా పడుతుంది. మాన్యువల్‌లో రాసే ఆ అంకె చెక్క దూరుతుందని మాత్రమే చెబుతుంది. కోత నిటారుగా రావడం మీ సర్దుబాటు మీద ఉంటుంది.
- పిన్ లేని, అంటే కొనల్లో అడ్డపుల్ల లేని బ్లేడ్లు, 5 అంగుళాల పొడవువి. 7, 9, 12 నంబర్లలో కొన్ని చొప్పున.
- 90 డిగ్రీల కోణం చూడటానికి 75 నుంచి 100 మి.మీ. ఉక్కు మూలమట్టం. ప్లాస్టిక్‌ది వద్దు.
- 40–50 మి.మీ. మందం ఉన్న పనికిరాని చెక్క ముక్క. రెండు ముఖాలూ చిత్రిక పట్టి ఉండాలి.
- పారదర్శకమైన ప్యాకింగ్ టేపు, వెర్నియర్ కాలిపర్, సన్నటి పెన్సిల్.
- కళ్ళద్దాలు, దుమ్ము మాస్కు. మందపాటి చెక్క నుంచి వచ్చే పొట్టు మెత్తగా ఉంటుంది, ముక్కులోకి తేలిగ్గా పోతుంది.

పని క్రమం

1. చెక్క అడుగు భాగం చూడండి.

చాలామంది నేరుగా టేబుల్ దగ్గరికి వెళ్తారు. టేబుల్ ఎంత సరిగా ఉన్నా చెక్క అడుగు వంకరగా ఉంటే కోత వంకరగానే వస్తుంది. చెక్కను టేబుల్ మీద పెట్టి నాలుగు మూలలా వేలితో నొక్కండి. ఏ మూలైనా టక్‌మని ఊగితే చిత్రిక పట్టాలి. చిత్రిక అందుబాటులో లేకపోతే, గాజు పలక లాంటి చదునైన దాని మీద ఉప్పు కాగితం అంటించి అడుగు ముఖాన్ని రుద్దినా చిన్న చిన్న ఎత్తులు పోతాయి.

ముడులున్న చోటు గీతకు దూరంగా ఉండేలా ముక్కను ఎంచుకోండి. పైన్ లాంటి చెక్కలో గట్టి వలయం, మెత్తటి వలయం పక్కపక్కనే ఉంటాయి. బ్లేడ్ గట్టి వలయాన్ని తప్పించుకుని మెత్తటి దాని వెంట జారాలని చూస్తుంది. నిటారు కోత మొదటిసారి నేర్చుకునేవాళ్ళు వలయాల తేడా పెద్దగా లేని, ఒకే తీరుగా ఉండే చెక్కతో మొదలుపెడితే మంచిది.

2. సరైన బ్లేడ్ తీసుకోండి.

నంబర్ పెరిగేకొద్దీ బ్లేడ్ వెడల్పు, మందం పెరుగుతాయి. అంగుళానికి ఉండే పళ్ళు తగ్గుతాయి. 5 నంబర్ బ్లేడ్ సుమారు 1 మి.మీ. వెడల్పు ఉంటే, 12 నంబర్ సుమారు 1.6 మి.మీ. ఉంటుంది. 25 మి.మీ. దాకా 5 లేదా 7 చాలు. ఆపైన 9, గట్టి చెక్క 40 మి.మీ. దాటితే 12 పెట్టండి. వంపులు మరీ చిన్నవైతే 12 తిరగదు, అప్పుడు 7 పెట్టి మరింత నిదానంగా కోయాలి.

పళ్ళు దూరదూరంగా ఉండే బ్లేడ్ ఎందుకంటే, చాలా స్క్రోల్ సాల్లో బ్లేడ్ పైకీ కిందికీ కదిలే దూరం 18–20 మి.మీ. మాత్రమే. చెక్క 50 మి.మీ. ఉంటే నడుమ ఉన్న పళ్ళు ఒక్కసారి కూడా బయటికి రావు. అవి కోసిన పొట్టు కోతలోనే తిరుగుతూ ఉంటుంది. పళ్ళ మధ్య ఖాళీ లేకపోతే పొట్టు బిగుసుకుపోయి, వేడెక్కి, చెక్క నల్లబడుతుంది. బ్లేడ్ కూడా దారి తప్పుతుంది.

కింది వైపు కొన్ని పళ్ళు ఎదురుగా తిరిగి ఉండే బ్లేడ్లు ప్లైవుడ్ అడుగున పెచ్చులు లేవకుండా కాపాడతాయి. మందపాటి ఘన చెక్కకు నేనైతే అవి వాడను. కిందికి పోవాల్సిన పొట్టును ఆ ఎదురు పళ్ళు మళ్ళీ పైకి తోస్తాయి.

జాగ్రత్త: బ్లేడ్ మార్చేముందు ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆపితే చాలనుకోవద్దు, కాలి స్విచ్ ఉన్న మెషీన్లలో అయితే అసలే వద్దు.

3. బ్లేడ్ బిగించి టెన్షన్ (బిగువు) పెట్టండి.

పళ్ళ కొనలు కిందికి, మీ వైపుకు చూస్తుండాలి. బ్లేడ్ కొనలకు తయారీ నూనె ఉంటే తుడిచేయండి, లేకపోతే ఆ కొనల్ని పట్టి ఉంచే క్లాంప్‌లో జారుతుంది. పైనా కిందా క్లాంప్ అడుగంటేలా దూర్చి బిగించండి.

టెన్షన్ పెట్టాక బ్లేడ్‌ను తీగ మీటినట్టు వేలితో మీటండి. సన్నగా ఖంగుమనాలి. మోత డొల్లగా ఉంటే టెన్షన్ చాలలేదు. ఇంకో పద్ధతి: బ్లేడ్ మధ్యలో వేలితో పక్కకు మెల్లగా నొక్కండి. 3 మి.మీ. కంటే ఎక్కువ జరిగితే ఇంకా బిగించాలి. మందపాటి చెక్కకు మామూలు కంటే కొంచెం ఎక్కువ టెన్షనే మంచిది. 12 నంబర్ దాన్ని తట్టుకుంటుంది. 3 నంబర్ లాంటి సన్న బ్లేడ్‌కు అంతే పెడితే తెగుతుంది.

4. టేబుల్‌ను 90 డిగ్రీలకు తెండి.

టేబుల్ కింద ఉండే డిగ్రీల స్కేలును, సూచిక ముల్లును నమ్మవద్దు. అది సుమారుకే. బ్లేడ్ బిగించి, టెన్షన్ పెట్టిన తర్వాతే టేబుల్ చూడాలి. ముందు చూస్తే మళ్ళీ చూడాల్సి వస్తుంది.

చెక్కను నొక్కిపట్టే కాలును పైకి లేపేయండి. మూలమట్టాన్ని టేబుల్ మీద నిలబెట్టి బ్లేడ్ పక్కకు, వెంట్రుకవాసి సందు ఉండేలా తీసుకురండి. వెనకాల తెల్ల కాగితం పెడితే ఆ సందు స్పష్టంగా కనిపిస్తుంది. పై నుంచి కింది దాకా సందు ఒకేలా ఉండాలి. లేకపోతే టేబుల్ నాబ్ వదులు చేసి సరిచేసి, మళ్ళీ బిగించి, మరోసారి చూడండి. నాబ్ బిగించేటప్పుడు టేబుల్ కొద్దిగా తిరగడం మామూలే.

మూలమట్టం అక్కడే ఉంచి, ప్లగ్ తీసి ఉన్న మెషీన్‌లో మోటారును చేత్తో మెల్లగా తిప్పండి. బ్లేడ్ పైకి వెళ్ళినప్పుడూ కిందికి వచ్చినప్పుడూ ఆ సందు మారకూడదు. మారుతోందంటే పై క్లాంపూ కింది క్లాంపూ ఒకే వరసలో లేవు. బ్లేడ్ పోటు పోటుకీ ఎడమకూ కుడికీ ఊగుతోంది. టేబుల్‌ను ఎన్నిసార్లు సరిచేసినా ఆ ఊగు పోదు. చాలా క్లాంప్‌లలో ఒక వైపు చేత్తో తిప్పే స్క్రూ, ఎదురు వైపు అలెన్ కీతో తిరిగే చిన్న స్క్రూ ఉంటాయి. ఆ చిన్న స్క్రూను కాస్త లోపలికో బయటికో తిప్పితే బ్లేడ్ కూర్చునే చోటు మారుతుంది. ఇది ఒక్కసారి ఓపిగ్గా చేసుకుంటే చాలాకాలం మళ్ళీ ముట్టుకునే పని ఉండదు.

5. చెక్కతోనే పరీక్షించండి.

మూలమట్టం కన్నా నమ్మకమైన పరీక్ష ఇది. పనికిరాని మందపాటి ముక్కను బ్లేడ్ మీదికి నెట్టి, 3 మి.మీ. లోతు మాత్రమే కోసి ఆపేయండి. మెషీన్ ఆగాక, ముక్క అడుగు టేబుల్‌నే అంటి ఉండేలా దాన్ని అర చుట్టు తిప్పి బ్లేడ్ వెనక్కి తీసుకెళ్ళండి. ఇప్పుడు కోసిన చీలిక బ్లేడ్ వీపు వైపు చూస్తుంటుంది. దాన్ని వెనక నుంచి బ్లేడ్ మీదికి జరపండి. బ్లేడ్ పై నుంచి కింది దాకా చీలికలోకి జారిపోతే టేబుల్ సరిగ్గా ఉన్నట్టు. పైన దూరి కింద తగిలినా, కింద దూరి పైన తగిలినా ఇంకా తేడా ఉంది. ముక్కను తిప్పడం వల్ల తేడా రెట్టింపై కనిపిస్తుంది, అందుకే మూలమట్టానికి అందనిది కూడా ఇక్కడ తెలిసిపోతుంది.

సరిచేసిన ప్రతిసారీ కొత్త చోట కోసి చూడండి. పాత చీలికలోనే మళ్ళీ కోస్తే అది వెడల్పై తప్పు కప్పిపుచ్చుతుంది.

6. బ్లేడ్ ఏ వైపు లాగుతుందో కనిపెట్టండి.

చాలా బ్లేడ్లకు తయారీలో ఒక వైపు అంచున సన్నటి గరుకు మిగులుతుంది. ఆ వైపు కొంచెం ఎక్కువగా కోస్తుంది కాబట్టి చెక్కను తిన్నగా నెట్టినా కోత ఆ పక్కకు పోతుంది, ఎక్కువగా కుడికి. ఇది లోపం కాదు. పోరాడితేనే సమస్య.

చెక్క ముక్క మీద పొడవుగా తిన్నని గీత గీసి, చేత్తో దాని వెంటే కోస్తూ వెళ్ళండి. గీత తప్పకుండా ఉండాలంటే చెక్కను కాస్త ఏటవాలుగా పట్టుకోవాల్సి వస్తుంది. నాలుగైదు అంగుళాలు కోశాక చెక్కను కదపకుండా మెషీన్ ఆపండి. గీత ఎంత కోణంలో ఉందో చూసి, టేబుల్ మీద దానికి సమాంతరంగా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఆ బ్లేడ్‌తో మీ తిన్నటి దారి అదే. ఏటవాలుగా నెట్టడం మొదట్లో వింతగా ఉంటుంది, తర్వాత చేతికి అలవాటైపోతుంది.

అందుకే టేబుల్‌కు పట్టీ బిగించి, దానికి ఆనించి చెక్కను నెట్టే పద్ధతి స్క్రోల్ సాలో పనికిరాదు. పట్టీ ఒక దారి చూపిస్తుంది, బ్లేడ్ ఇంకో దారి పడుతుంది. నడుమ వంగేది బ్లేడే.

7. గీత గీసి టేపు వేయండి.

డిజైన్ కాగితాన్ని పైన అంటించి, దాని మీద ప్యాకింగ్ టేపు పరచండి. టేపు ఉంటే కోత నల్లబడటం బాగా తగ్గుతుంది. చెర్రీ, మేపుల్ లాంటి గట్టి చెక్కల్లో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

వేగం మధ్యస్థంగా పెట్టండి. పొగ వాసన వస్తే వేగం తగ్గించండి. చెక్క దడదడలాడితే కొంచెం పెంచి చూడండి.

8. ఇప్పుడు కోయండి.

రెండు చేతులూ చెక్కకు అటూ ఇటూ, వేళ్ళు బ్లేడ్ దారిలో లేకుండా పెట్టుకోండి. చేతుల బరువు ఎక్కువగా కిందికి, టేబుల్ వైపు ఉండాలి. ముందుకు నెట్టే బలం చాలా తక్కువ చాలు. 50 మి.మీ. గట్టి చెక్కలో కోత నత్తనడకన సాగుతుంది. అదే సరైన వేగం.

ఎక్కువ నెడుతున్నారని ఎలా తెలుస్తుంది? కోస్తూనే బ్లేడ్‌ను చెక్క పై అంచు దగ్గర పక్క నుంచి గమనించండి. అది వెనక్కి విల్లులా వంగి కనిపిస్తే చెయ్యి తేలిక చేయండి. చప్పుడు కూడా చెబుతుంది. మామూలుగా ఒకే శ్రుతిలో నడిచే మోత బరువెక్కి కిందికి దిగితే మీరు బ్లేడ్ కన్నా ముందు పోతున్నట్టు.

ప్రతి రెండు మూడు సెంటీమీటర్లకు ఒకసారి, మెషీన్ నడుస్తుండగానే చెక్కను 2–3 మి.మీ. వెనక్కి లాగి మళ్ళీ ముందుకు తీసుకెళ్ళండి. లోపల చిక్కిన పొట్టు రాలుతుంది. చెక్కకూ టేబుల్‌కూ మధ్య ఒక్క పెచ్చు చేరినా చెక్క వాలుతుంది, కాబట్టి టేబుల్ మీద పొట్టు పేరుకోకుండా ఊదుతూ లేదా బ్రష్‌తో తుడుస్తూ ఉండండి.

మందపాటి గట్టి చెక్కలో బ్లేడ్ పదును నిమిషాల లెక్కనే పోతుంది. ఇంకా కోస్తోంది కదా అని అదే బ్లేడ్‌తో సాగదీయడం వంకర కోతలకు పెద్ద కారణం. ముందు కన్నా ఎక్కువ నెట్టాల్సి వస్తోందని చేతికి తెలిసిన క్షణమే మార్చేయండి.

9. వంపుల దగ్గర, మూలల దగ్గర ఆగండి.

ఎంత నెమ్మదిగా నెట్టినా బ్లేడ్ నడుము కాస్త వెనకబడే ఉంటుంది. పైన చూస్తే మూలకు చేరినట్టే ఉంటుంది, చెక్క లోపల మాత్రం ఇంకా అర మిల్లీమీటరు వెనక ఉండొచ్చు. అప్పుడే తిప్పితే పైన మూల పదునుగా, లోపల గుండ్రంగా వస్తుంది. కాబట్టి మూలకు చేరగానే నెట్టడం ఆపి, బ్లేడ్‌ను ఒకటి రెండు సెకన్లు ఉన్నచోటే ఆడనివ్వండి. అది నిటారుగా అవుతుంది. అప్పుడు బ్లేడ్ వీపుకు చెక్కను ఆనించి మెల్లగా తిప్పండి. పళ్ళ వైపు నొక్కుతూ తిప్పితే అది కోసుకుంటూ పోతుంది.

వంపుల్లో చెక్కను పక్కకు తోయకూడదు. తిప్పడం వేరు, తోయడం వేరు. గీత కాస్త తప్పితే చటుక్కున పక్కకు తోసి గీత మీదికి తెచ్చేస్తాం. పైన గీత కలుస్తుంది, కింద కోత వాలిపోతుంది. గీత తప్పితే తప్పనివ్వండి, తర్వాతి రెండు సెంటీమీటర్లలో మెల్లగా తిప్పుతూ దాని మీదికి రండి. గీతకు వృథా వైపు అర మిల్లీమీటరు వదిలి కోసేవాళ్ళకు ఈ ఆత్రం ఉండదు.

10. లోపలి కోతలు.

బ్లేడ్ దూర్చే రంధ్రాన్ని చేతి డ్రిల్‌తో కాకుండా నిలువు డ్రిల్ ప్రెస్‌తో వేయండి. 50 మి.మీ. లోతులో చేతి డ్రిల్ వాలితే రంధ్రం కింది నోరు గీత దాటి పోతుంది. ప్రెస్ లేకపోతే రంధ్రాన్ని గీతకు దూరంగా, వృథా భాగం నడుమ వేసుకోండి.

కోత సరిగ్గా వచ్చిందా?

సులువైన పరీక్ష బిళ్ళ కోయడం. 40 మి.మీ. ముక్కలో 50 మి.మీ. వ్యాసం వృత్తం గీసి, అంచు నుంచి లోపలికి వెళ్ళి పూర్తిగా చుట్టి కోయండి. బిళ్ళ పైకీ కిందికీ రెండు వైపులా జారి బయటికి వస్తే మీ సర్దుబాటు, మీ చెయ్యి రెండూ బాగున్నాయి. ఒక వైపే వస్తే కోత వాలింది. కాలిపర్‌తో పై వ్యాసం, కింది వ్యాసం కొలవండి. టేబుల్ ఒక్క డిగ్రీ వాలినా ఈ మందంలో రెండు వ్యాసాల మధ్య తేడా 1.4 మి.మీ. వస్తుంది.

తేడా ఉంటే కోసిన గోడను చదవండి. మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే కారణం తెలుస్తుంది.

- గోడ చుట్టూ ఒకే తీరుగా వాలింది: టేబుల్. మళ్ళీ 4, 5 మెట్లు.
- తిన్నటి చోట్ల నిటారుగా, వంపుల్లో వాలింది: పక్కకు తోస్తున్నారు, లేదా టెన్షన్ చాలలేదు.
- పైనా కిందా సరిగ్గా ఉండి నడుమ ఉబ్బింది లేదా గుంట పడింది: ఎక్కువ నెట్టారు, లేదా బ్లేడ్ మొద్దుబారింది.
- గోడ మీద అడ్డంగా గీతలు, కోత మామూలు కన్నా వెడల్పు: బ్లేడ్ పక్కకు ఊగుతోంది. క్లాంప్ స్క్రూలు చూడండి.
- మొదట బాగుండి పోనుపోను వాలింది: కోస్తుండగా టేబుల్ నాబ్ వదులైంది, లేదా బ్లేడ్ క్లాంప్‌లో జారింది.

రెండు కారణాలు కలిసి ఉన్నట్టు అనిపిస్తే ముందు కొత్త బ్లేడ్ వేసి చూడండి. అన్నింటికన్నా తక్కువ శ్రమ అదే, సగం సందర్భాల్లో గొడవ అక్కడితో తీరిపోతుంది.

కొన్ని ప్రత్యామ్నాయాలు

ముక్క ఎత్తుగా, అడుగు చిన్నగా ఉంటే, ఉదాహరణకు రెండు ముఖాల నుంచి కోసే చదరంగం పావు లాంటివి, చేత్తో నిలబెట్టడం కష్టం. రెండు తిన్నటి పట్టీల మధ్య దాన్ని ఇరికించి, చిన్న క్లాంప్‌తో బిగించి, పట్టీలతో సహా కోయండి. పట్టీల అడుగు, చెక్క అడుగు ఒకే మట్టంలో టేబుల్‌ను ఆనాలి. టేబుల్ నడుమ రంధ్రం పెద్దదైతే పల్చటి ప్లైవుడ్ ముక్కకు బ్లేడ్ పట్టేంత రంధ్రం చేసి టేపుతో అంటించండి, చిన్న ముక్కలు అందులోకి వాలవు.

కోస్తుండగా చీలిక మూసుకుని బ్లేడ్‌ను పట్టేస్తుంటే చెక్క లోపలి బిగువు వదులుతోందని అర్థం. మెషీన్ ఆపి, కోసిన చోట పల్చటి చెక్క మేకు దూర్చి మళ్ళీ మొదలుపెట్టండి.

డిజైన్ ఒప్పుకుంటే 50 మి.మీ. ముక్కను రెండు 25 మి.మీ. పలకలుగా విడివిడిగా కోసి తర్వాత జిగురుతో కలపవచ్చు. పొడవాటి తిన్నటి కోతలు ఎక్కువగా ఉంటే బ్యాండ్ సా (చుట్టూ తిరిగే పట్టీ బ్లేడ్ ఉన్న రంపం) మేలు. చేతి జిగ్ సా మాత్రం ఈ పనికి వద్దు, దాని బ్లేడ్‌కు కింద పట్టు లేదు కాబట్టి మందంలో ఇంకా ఎక్కువ వంగుతుంది.

కొలత పక్కాగా ఉండాల్సిన పనికి గీతకు అర మిల్లీమీటరు బయట కోసి, మిగిలింది డిస్క్ సాండర్ (ఉప్పు కాగితం అంటించిన, తిరిగే పళ్ళెం ఉన్న మెషీన్) మీద గీత దాకా తీయండి. లోపలి వంపులకు తిరిగే నిలువు కడ్డీ ఉండే స్పిండిల్ సాండర్ వాడండి. మొదలుపెట్టేముందు సాండర్ టేబుల్‌కు కూడా అదే మూలమట్టం పెట్టి చూడండి. అది వాలి ఉంటే నిటారుగా కోసి తెచ్చిన గోడను చేతులారా వంకర చేసినట్టవుతుంది.